పాత చాలీలో గది మరమ్మతు: ముంబై తెలుగువారు తెలుసుకోవలసినవి

కామాఠీపుర, వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి వంటి చోట్ల మన కుటుంబాలు ఎన్నో తాతల కాలం నుంచి ఒకే గదిలో కాపురం ఉంటున్నాయి. కామాఠీపురకు ఆ పేరు వచ్చిందే అక్కడ స్థిరపడిన కామాఠీ పనివారి వల్ల. ఇంట్లో పెళ్లి కుదిరితే గది బాగుచేయించాలన్న మాట వస్తుంది. సంఘానికి వచ్చేవారు ముందు టైల్స్ ధర అడుగుతారు, పని ముగిశాక కాగితాల గురించి అడుగుతారు. ఈ వరుస తిరగబడాలని మా మనవి.

గోడలు

పాత చాలీల్లో చాలావాటికి కాంక్రీటు స్తంభాలు లేవు. మందపాటి ఇటుక గోడలు, టేకు దూలాలు, కొన్నిచోట్ల ఇనుప గర్డర్లు బరువు మోస్తాయి. గోడ కొట్టి రెండు గదులు కలపడం, అల్మారా కోసం గోడను లోతుగా తొలవడం పై అంతస్తులవారికీ ప్రమాదమే.

నేల బరువు

పాత నేల మీదే కొత్త టైల్స్ వేయించడం మన దగ్గర అలవాటు. 2 అంగుళాల మందం సిమెంటు మాలు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగుతుంది. 100 చదరపు అడుగుల గదికి 900 కిలోలు దాటుతుంది. టైల్స్ బరువు అదనం. పాత పొర తీయించి పలచగా వేయించండి, లేదా వినైల్ షీటు పరిపించండి. 200 లీటర్ల నీళ్ల డ్రమ్మును గది నడుమ కాక గోడ వారగా పెట్టండి. వంటగట్టుకు మన కడప బండే, ఇక్కడివారు ‘కడప్పా’ అనేది, చాలు. అయితే దాన్ని గోడ వెంబడే నిలపాలి.

మోరీ

మోరీని ఉన్నచోటే ఉంచండి. నీరు దిగితే దూలాల చివరలు పుచ్చుతాయి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే, అంగుళం నీరు 24 గంటలు నిలిపి కింది ఇంటివారి కప్పు చూడండి.

చట్టం

పాగ్డీ గదిలో మనం కిరాయిదారులమే, యజమానులం కాము. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 సెక్షన్ 16 ప్రకారం యజమాని లిఖిత అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కడితే ఖాళీ చేయించవచ్చు. చెక్క పార్టిషన్, నిలబడి వండుకునే గట్టు, తలుపు, గాలికి కిటికీ, ఫాల్స్ సీలింగ్ వంటివి అవసరమైన చోట మునిసిపల్ అనుమతితో చేయిస్తే శాశ్వత కట్టడం కింద రావు.

వేరే ఒప్పందం లేనప్పుడు గదిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత సెక్షన్ 14 కింద యజమానిదే. కనీసం 15 రోజుల నోటీసు ఇచ్చినా పట్టించుకోకపోతే మనమే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏడాదికి ఆ మొత్తం ఏడాది అద్దెలో నాలుగో వంతు దాటకూడదు.

సెస్ చెల్లించే పాత భవనాల నిర్మాణ మరమ్మతులు చూసేది మ్హాడా మరమ్మతుల మండలి. అత్యంత ప్రమాదకర భవనాల జాబితాను వానలకు ముందు ఆ మండలి ఏటా ప్రకటిస్తుంది. ముందు అందులో మీ భవనం ఉందేమో చూడండి. ఉంటే గదికి డబ్బు పెట్టవద్దు.

దాచవలసిన కాగితాలు

- అద్దె రసీదులు, పాతవి కూడా
- యజమాని లిఖిత అనుమతి. నోటీసు పంపితే పోస్టు రసీదు, అది అందినట్టు రుజువు
- పనికి ముందు, తరువాత ఫోటోలు, గది కొలతలు
- మేస్త్రీకి ఇచ్చిన డబ్బు లెక్క, సంతకంతో

రసీదు ఇంకా తాతగారి పేరుమీదే ఉంటే, పేరు మార్పిడి సంగతి పనికన్నా ముందే చూసుకోండి. రేపు భవనం పునర్నిర్మాణానికి వెళ్తే కొత్త ఇంటికి అర్హత తేల్చేది ఆ రసీదులే. గదిలో ఎంత మంచి టైల్స్ వేశామన్నది ఎవరూ చూడరు.