సిగరెట్ కాగితంతో టైమింగ్ పట్టిన రోజులు

ఇవాళ ఒక చిన్న స్పార్కు చరిత్ర చెప్పుకుందాం. ఇప్పుడు మీ బండిలో స్పార్కు ఎప్పుడు పడాలో ఒక ఎలక్ట్రానిక్ డబ్బా లెక్కేసుకుంటుంది. మీరు బటన్ నొక్కుతారు, అంతే. ఒకప్పుడు ఆ లెక్క మనిషే వేసేవాడు. లెక్క తప్పితే చెయ్యి విరిగేది. ఊరికే అనట్లేదు, నిజంగానే విరిగేది.

పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ఒక్క క్షణంలో మండిపోదు, దానికి కొంత టైమ్ కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరేలోపే అంటించాలి. ఇంజిన్ నిమిషానికి 1000 సార్లు తిరుగుతుంటే, ఒక్క మిల్లీసెకనులో క్రాంకు 6 డిగ్రీలు తిరుగుతుంది. అదే 3000 అయితే 18 డిగ్రీలు. అంటే స్పీడు పెరిగేకొద్దీ స్పార్కు ఇంకా ముందే రావాలి. దీన్నే అడ్వాన్స్ అంటాం.

1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగ్ కింద ఎడమవైపు ఒక మీట ఉండేది. స్పార్కును ముందుకూ వెనక్కీ జరపడం డ్రైవర్ పనే. ఆ మీటను వెనక్కి పెట్టడం మర్చిపోయి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితే, ఇంజిన్ ఎదురు తిరిగి తన్నేది. మణికట్లు విరిగింది అలాగే.

ఇక అమెరికాలోని డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్, ఆయన మిత్రులు ఒక కొట్టంలో కూర్చుని బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ తయారుచేశారు. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో అది వచ్చింది. పాయింట్లు, కాయిల్, కండెన్సర్... మన నాన్నల కాలం బళ్ల దాకా నడిచిన పద్ధతి దాని వారసత్వమే. కిటుకు ఒక్కటే: పాయింట్లు విడిపోయిన క్షణంలోనే స్పార్కు పడుతుంది.

ఇప్పుడు మన బుల్లెట్ దగ్గరికి వద్దాం. 1950ల మధ్యలో మద్రాసులో 350 సీసీ బుల్లెట్ తయారీ మొదలైంది. ఊళ్లలో టైమింగ్ లైటు ఎవడి దగ్గరుంది? ఫీలర్ గేజ్ కూడా అరుదే. కానీ హెడ్‌లైట్ మీద ఆంమీటర్ ముల్లు ఉంది చూశారూ, అదే మనవాళ్లకు టైమింగ్ లైటు అయింది!

మా బాబాయ్ నాకు చూపించింది ఇదీ. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. గట్టి విజిటింగ్ కార్డు దాదాపు ఆ మందమే. (హాక్సా బ్లేడు పెడతారు కొందరు. అది 0.6 దాటుతుంది, వద్దు.) గ్యాప్ అయ్యాకే టైమింగ్, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగూ జరుగుతుంది. తర్వాత ప్లగ్గు తీసి, రంధ్రంలోంచి సైకిల్ పుల్ల దింపి, కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చిన చోటు పట్టుకోవాలి. పుల్ల చేతిలో ఉండాలి, లోపల పడితే హెడ్ విప్పాల్సిందే. అక్కణ్ణుంచి పిస్టన్‌ను కాస్త ఎక్కువే వెనక్కి దింపి, మళ్లీ పైకి తెస్తూ పై అంచుకు 0.8 మి.మీ. ముందు ఆపాలి. ఇలా ఒకే దిశలో వస్తే పళ్ల చక్రాల్లోని లూజు మోసం చేయదు.

ఇప్పుడు లైట్లు ఆపి తాళం ఆన్ చెయ్యండి. పాయింట్లు మూసుకుంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది, విడిపోగానే సున్నాకి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, సరిగ్గా ఆ విడిపోయే చోట బిగించాలి. బ్యాటరీ డౌనా? పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉండండి, అది వదులైన చోటే స్పార్కు. నాకైతే కాగితమే ఇష్టం, ముల్లుకి కొంచెం బద్ధకం ఎక్కువ.

తాళం ఆన్‌లో ఎక్కువసేపు వదలొద్దు, కాయిల్ కాలుతుంది. బిగించాక కిక్ కొట్టినప్పుడు రాడ్ కాలిని వెనక్కి తంతే స్పార్కు ఎక్కువ ముందుంది. బండి లాగక, సైలెన్సర్ మరీ వేడెక్కుతుంటే వెనకబడింది. ఒక వెంట్రుక మందం జరిపి మళ్లీ చూడండి.