ఆ తాళం ఎవరిది? బొబ్బిలి కోట నుంచి ఈమెయిల్ దాకా

బొబ్బిలి పేరులో మన ఉర్దూ లఫ్జ్ ఒకటి దాక్కుని ఉందని చాలామందికి తెలీదు. పదిహేడో శతాబ్దంలో సికాకోల్ నవాబు షేర్ ముహమ్మద్ ఖాన్ దయవల్ల ఇక్కడ జాగా దొరికిన పెద్దరాయుడు, శుక్రియాగా ఊరికి ఆయన పేరే పెట్టుకున్నాడని చెబుతారు. షేర్ అంటే పులి. పెద్దపులి, పెబ్బులి, బెబ్బులి... చివరికి బొబ్బిలి. తెలుగు ఒక్కటే వచ్చినవాడికి అందులో జంతువు కనిపిస్తుంది, ఉర్దూ కూడా వచ్చినవాడికి నవాబు కనిపిస్తాడు. ఉర్దూ మీడియం బడిలో చదివి, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఇలాంటి పేరు ఎదురైతే వదలబుద్ధి కాదు.

పేరునైతే అలా జుబాన్ చాటున దాచొచ్చు. మరి ఖత్‌ని ఎలా దాచాలి? అసలు దాస్తే సరిపోతుందా? ఈ సవాల్‌కి జవాబు కూడా బొబ్బిలి తారీఖ్‌లోనే ఉంది.

1753లో నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి ఫౌజు జీతాల కోసం ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. ఆ వసూళ్ల పని మీదే బుస్సీ ఇటు వచ్చాడు. సర్కారీ లిఖాపఢీ అంతా ఫార్సీలో, జమీందార్ల మాట తెలుగులో, బుస్సీ మాట ఫ్రెంచిలో. ఈ మూడింటి మధ్య నిలబడ్డ మనిషి దివాన్ హైదర్ జంగ్. అసలు పేరు అబ్దుర్ రహమాన్. విజయనగరం పూసపాటి విజయరామరాజుకీ, బొబ్బిలి రంగారావుకీ ఏనాటినుంచో తగాదా. విజయరామరాజు దివాన్‌ని ముందే తన గుప్పిట్లో పెట్టుకున్నాడనీ, బొబ్బిలి మాట బుస్సీ చెవిదాకా నిఖార్సుగా చేరనే లేదనీ బొబ్బిలి కథ చెప్పేవాళ్లు చెబుతారు. 1757 జనవరి 24న ఆ మట్టికోట కూలింది. శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనూ పిల్లలనూ కోటలోని మగవాళ్లే చంపుకున్నారు. రంగారావు పోరాడుతూ చనిపోయాడు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి చొరబడి పొడిచి చంపాడు.

ఈ కథ విన్నప్పుడల్లా మనవాళ్లకు కొంచెం కష్టంగా ఉంటుంది. దగాబాజ్ పాత్ర మన పేరున్నవాడిదైంది మరి. నేనైతే నేరమంతా హైదర్ జంగ్ నెత్తిన రుద్దను. జమీందార్ల పగ, బుస్సీకి పైసల తొందర లేకపోతే ఒక దివాన్ వల్ల కోట కూలదు. ఆయనకూ చల్లటి చావు దక్కలేదు. మరుసటి ఏడు, 1758లో, ఔరంగాబాద్‌లో నిజాం అలీ మనుషుల చేతిలో కతల్ అయ్యాడు. నన్ను ఆపేది వేరే విషయం. బొబ్బిలివాళ్లు తమ ఖత్‌ని ఎంత గట్టి లిఫాఫాలో పెట్టినా ఫాయిదా ఉండేది కాదు. ఎందుకంటే ఆ లిఫాఫా విప్పి చదివి వినిపించాల్సినవాడి మీదే ఎతబార్ లేదు.

అదే 1757లో బెంగాల్‌లో ఇంకో రకం మోసం జరిగింది. ఉమీచంద్‌ని బుట్టలో వేసుకోవడానికి క్లైవ్ రెండు ఒప్పందాలు రాయించాడు. తెల్ల కాగితం మీద అసలుది, ఎర్ర కాగితం మీద నకిలీది. నకిలీదాని మీద అడ్మిరల్ వాట్సన్ దస్తఖత్ చేయనంటే, వేరే చేత్తో ఆయన సంతకం పెట్టించారు. బొబ్బిలిలో మాట మధ్యలో చెడితే, ఇక్కడ మొహరే ఝూటా. ఖత్ రాజ్‌గా ఉండటం ఒకటి, అది ఫలానావాడే రాశాడన్న సుబూత్ ఇంకొకటి. ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్‌లోనూ ఇవి రెండు వేర్వేరు బటన్లు: ఎన్‌క్రిప్ట్, సైన్.

ఈ ఇల్మ్‌లో మన పెద్దలకూ హిస్సా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ, ఖుఫియా రాతల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి గుట్టు విప్పే తరీఖా రాసిపెట్టాడు. ఆయన రిసాలా పేరులో ఉన్న ముఅమ్మా అనే మాటే, ఉర్దూ పత్రికల్లో ఇనామ్ కోసం మన ఇళ్లల్లో నింపిన ముఅమ్మా.

ఇక నేటి మాట. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అమెరికాలో పీజీపీ వదిలాడు. ఇందులో ప్రతి మనిషికీ రెండు చాబీలు. పబ్లిక్ కీ అంటే తాళం లాంటిది, ఎవరికైనా పంచొచ్చు. ప్రైవేట్ కీ ఒక్కటే దాన్ని తెరుస్తుంది, అది మీ దగ్గరే ఉండాలి. మధ్యలో దివాన్ అవసరం లేదన్నమాట! అయితే దివాన్ ఇంకో దర్వాజా నుంచి వస్తాడు. ఇది మీ భాయ్ తాళం అని చెప్పి తన తాళం మీ చేతిలో పెడతాడు. మీరు నమ్మి వేస్తారు, అతను తీరిగ్గా తెరుచుకుంటాడు.

అందుకే థండర్‌బర్డ్‌లో అవతలివాళ్ల కీ చేర్చుకునేటప్పుడు సవాల్ వస్తుంది: ఒప్పుకుంటున్నారా, ఒప్పుకున్నా సరిచూడలేదా, స్వయంగా సరిచూశారా? చాలామంది మధ్యదాన్ని నొక్కేసి వెళ్లిపోతారు. ఆగండి. కీ కింద ఫింగర్‌ప్రింట్ అని సాధారణంగా 40 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. జెద్దాలో ఉన్న మా ఖాలా కొడుకు తన పాస్‌పోర్టు, ఇంటి దస్తావేజుల నకళ్లు పంపే ముందు ఫోన్‌లో ఆ 40 నాకు చదివి వినిపించాడు. అతని గొంతు నాకు తెలుసు. రెండు నిమిషాల పని.

అదే థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ కూడా పెట్టుకోండి, లేకపోతే కంప్యూటర్ చేతికి దొరికినవాడికి మీ ప్రైవేట్ కీ కూడా దొరికినట్టే. లోపలి రాత దాగినా, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది లిఫాఫా మీద కనిపిస్తూనే ఉంటుంది. విండోస్‌లో ఫైళ్లకైతే క్లియోపాట్రా ఉంది. అందులో ఎన్‌క్రిప్ట్ ఫర్ మీ అన్న గడిలో టిక్ తీసేసి వేరేవాళ్లకు మాత్రమే తాళం వేస్తే, ఆ తాళం వేసిన ఫైలును మీరు కూడా తెరవలేరు. ఇంకొకటి, తాళం వేశాక కూడా అసలు ఫైలు పక్కనే పడి ఉంటుంది. దాన్ని మీరే తీసేయాలి.

ప్రైవేట్ కీ నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, నికానామా, జమీన్ కాగజాత్ పెట్టే పెట్టెలోనే పెట్టండి. దాని పాస్‌వర్డ్ మాత్రం ఆ పెట్టెలో వద్దు.