చర్ల పిలగాడు మంచుకొండ ఎక్కిన ముచ్చట

మంట దగ్గరికి జరగండి బిడ్డా. భద్రాద్రి రాముడి కథ మీకు నోటికొచ్చు. ఇయ్యాల మన చర్ల పిలగాడి ముచ్చట చెప్తా.

మా పడుచుతనంల చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్ల మీసం మొలిచిన కొడుకుంటే తల్లికి నిద్ర పట్టేది కాదు. రాత్రి నక్సలైట్ అన్నలొచ్చి అన్నం అడిగేటోళ్లు. తెల్లారితే పోలీసులొచ్చి "ఎవరికి పెట్టిన్రు?" అనేటోళ్లు. ఎండకాలం తునికాకు కోసినన్నాళ్లే చేతిల పైసలు. తర్వాత పనుండేది కాదు. కొందరు సారాకు బలైన్రు. కొందరు అడవిలకు పోయి మళ్లీ రాలే. వాళ్ల ఒంట్ల బలానికి దారి చూపే గురువు దొరకలే.

గురువు దొరికితే ఏమైతదో మన కళ్ల ముందే తేలింది. చర్ల మండలం పిలగాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులంల చదివేటోడు. ఆ బడులను నడిపించింది ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనే పోలీసు అధికారి. కొండలెక్కుడు నేర్పిన గురువు శేఖర్ బాబు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ పైన లద్దాఖ్ చలి. అన్ని పరీక్షలకు నిలిచి ఎవరెస్టుకు పోయింది ఇద్దరే: మన ఆనంద్, నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ. టిబెట్ దిక్కు నుంచి ఎక్కి, 2014 మే 25న 8848 మీటర్ల శిఖరం మీద నిలబడ్డరు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలే.

ఆ నిజామాబాద్ నుంచే నిఖత్ జరీన్ లేచింది. శంసముద్దీన్ గురువు దగ్గర బాక్సింగ్ నేర్చి, 2022 మే 19న ఇస్తాంబుల్‌ల ప్రపంచ విజేత అయింది. మరుసటేడు ఢిల్లీల మళ్లీ గెలిచింది. పిడికిలి ఎప్పుడు బిగించాల్నో, ఎప్పుడు ఆపాల్నో బాక్సింగ్ బరి నేర్పుతది. పొద్దున్నే లేచుడు, సారా ముట్టకుండుడు, దెబ్బ తిన్నా మళ్లీ నిలబడుడు కూడా అక్కడే వస్తయి.

మన దిక్కు కిన్నెరసానిల గిరిజన పిల్లల క్రీడా బడి ఉంది. అదొక్కటే సాలదు. చర్లల, దుమ్ముగూడెంల, వెంకటాపురంల ఒక్కో బాక్సింగ్ బరి, జీతమిచ్చి నిలిపిన గురువు, పిల్లలకు పూటకింత కోడిగుడ్డు, పాలు కావాలె. రేపు గ్రామసభల మీరే లేచి అడగండి. మా వయసు పిలగాండ్లకు దొరకనిది మీ తమ్ముళ్లకన్నా దక్కాలె.