గెత్సేమనే కీర్తన – తీగలపై మూలుగు: ఒక చారిత్రక పరిశీలన

కీర్తన ఒక జాతి నోటి నుండి మరొక జాతి నోటికి చేరినప్పుడు దాని రాగము మారుతుంది. రాగముతో పాటు బోధ కూడా మారుతుందా? ఇటిక్యాల వంటి నడిగడ్డ గ్రామములలో పరిచర్య చేసే కాపరులకైనా, పట్టణ సంఘముల కాపరులకైనా ఈ ప్రశ్న తప్పదు. జవాబు కొరకు ఒక కీర్తన చరిత్రను పరిశీలిద్దాము.

థామస్ హావైస్ (1734–1820) ఇంగ్లండు సంఘపు బోధకుడు. గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదనను గూర్చి ఆయన ఒక కీర్తన వ్రాశాడు. 1795లో లండన్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ఆయన ఒకడు. ఆ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నము చేరారు. సువార్తల తెలుగు అనువాదము అక్కడ సాగింది. కాబట్టి హావైస్ మన సంఘచరిత్రకు పూర్తిగా పరాయివాడు కాడు.

ఆయన కీర్తన అమెరికాలోని నల్లజాతి సంఘములకు చేరింది. అక్కడ నాయకుడు ఒక చరణము చెప్పగా, సంఘము దానిని సాగదీసి పాడేది. చదువు రానివారు కీర్తనలు నేర్చుకొన్నది ఈ విధముగానే. మన గ్రామ సంఘములు ఈ పద్ధతిని ఎరుగనివి కావు.

టెక్సాస్‌కు చెందిన అంధ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ (1897–1945) 1927 డిసెంబరులో డల్లాస్‌లో ఈ కీర్తన పేరుతోనే ఒక రికార్డు ఇచ్చాడు. అందులో మాటలు లేవు. మూలుగు, దానికి బదులిచ్చే స్లైడ్ గిటారు మాత్రమే ఉన్నాయి. గోటువాద్యములో కర్రముక్క తీగలపై జారినట్లే ఇక్కడ కూడా స్వరము జారుతుంది. ఉచ్చరింప శక్యము కాని మూలుగులను గూర్చి రోమా 8:26లో చదివినవారికి ఇది వింత కాదు.

1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షమునకు పంపిన బంగారు రికార్డులో ఈ పాట చేరింది. అయితే ఆ రికార్డును సిద్ధపరచినవారు దీనిని రాత్రివేళ తలదాచుకొనే చోటు లేని మనిషి పాటగా వివరించారు. వేదన వినబడింది, గెత్సేమనే వినబడలేదు. జాన్సన్ వంటి వారికి మాటలు హృదయములో ఉన్నాయి గనుక మూలుగే చాలింది. మాటలు ఎరుగనివారికి ఆ మూలుగు ప్రభువు పేరు చెప్పలేకపోయింది.

పురుషోత్తమ చౌదరి (1803–1890) మార్గము దీనికి భిన్నమైనది. ఆయన పరాయి రాగమునకు తెలుగు మాటలను ఇరికించలేదు. సువార్తను దేశీయ రాగతాళములలో, తెలుగు మాటలతోనే పాడించాడు. అందువలన చదువురాని విశ్వాసికి సైతము రాగముతో పాటు బోధ అందింది.

ఈ రెండు ఉదాహరణల నుండి మనము గ్రహించవలసినది ఇది. వాద్యము మారడము వలన కీర్తన చెడదు. మాట సంఘము జ్ఞాపకములో నుండి జారిపోయినప్పుడే నష్టము. 1 కొరింథీ 14:15లో పౌలు ఆత్మతోను మనస్సుతోను పాడుటను కలిపి చెప్పాడు. యౌవనులు గిటారు తెచ్చినప్పుడు కాపరి దానిని ఆపనవసరము లేదు. ముందుగా చరణములను నేర్పి, వాటి అర్థమును బోధించి, ఆ తరువాత తీగలను పలుకనివ్వవలెను.