ఎందుకు చేరినారు? ఎందుకు సేవించినారు?

గోదావరికి దక్షిణాన కరీంనగరం, ఉత్తరాన ఆదిలాబాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో వెస్లియను మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాదు నుండి ఈ సీమకు వచ్చినారు. బాప్తిస్మం పొందినవారిలో అధికులు మాలలు, మాదిగలు. దొరలకూ అధికారులకూ వెట్టి చేసి నలిగినవారు. కరవులో కూటికై మతం మారినారని లోకం నిందించినది.

అమెరికా మిషనరీ వాస్కం పికెట్ ఆ నిందనే పరీక్షకు పెట్టినాడు. తెలుగుదేశంతో సహా పలు ప్రాంతాల క్రైస్తవులను మీరెందుకు చేరినారని అడిగించి, 1933లో గ్రంథం ప్రకటించినాడు. కొందరు మోక్షానికన్నారు, కొందరు సాయానికన్నారు. తమవారందరూ చేరినందువల్ల చేరినవారు కొందరు, ఆ మతంలోనే పుట్టినవారు కొందరు. మొదటి ఉద్దేశం కంటె తరువాత లభించిన బోధయే వారి నడతను దిద్దినదని ఆయన తేల్చినాడు.

బాగున్నది. కాని అడిగినది చేయి చాచినవారినే గదా! ఆకలిగొన్నవాని ఉద్దేశం విప్పి చూడడం సులభం; పెట్టినవాని ఉద్దేశమో?

ఆ ప్రశ్న అంతకుముందే ఒకరు వేసినారు. దోర్నకల్లులో పనిచేయుచుండిన తమిళుడు వేదనాయకం శామ్యూలు అజరయ్య 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో నిలిచి, సర్వమూ త్యాగం చేసిన తెల్లవారు భారతీయులకు స్నేహం మాత్రం ఇవ్వలేదని ముఖాన చెప్పినారు. సభ కలవరపడినది. 1912లో ఆయనే దోర్నకల్లు బిషప్పైనారు, ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఇక పెట్టే చేయి ఆయనది.