సర్కారు తుమ్మ

గుంటూరు, ప్రకాశం సీమల మెట్టభూములలో, వినుకొండ కొండపాదము మొదలుకొని గుండ్లకమ్మ గట్ల వెంబడి, ఎండిన చెరువుల కడుపులోను, డొంకలకు ఇరువైపులను, గుంటూరు–గుంతకల్లు రైలుకట్ట పక్కను, సాగు మానిన చౌడునేలలలోను దట్టముగా అల్లుకొని, వైశాఖపు టెండలలో సైతము పచ్చదనము వీడక నిలుచు ముండ్లచెట్టు సర్కారు తుమ్మ. దొరతనమువారు తెప్పించి నాటించినది గావున దీనికా పేరు కలిగినది. ఈ ప్రాంతపు రైతులు మాత్రము చిల్లచెట్టనియు, చిల్లకంపయనియు వ్యవహరింతురు. పూర్వనిఘంటువులలో చిల్లయనగా ఇండుపచెట్టు. బురదనీటిని తేర్చు చిల్లగింజ దానిదే. ఆ సాధువృక్షము పేరు ఈ పరదేశపు కంపకు సంక్రమించుటచే పాతగ్రంథములు చదువువారు పొరపడు నవకాశమున్నది.

శాస్త్రజ్ఞులు దీనిని చిరకాలము ప్రోసోపిస్ జూలిఫ్లోరా యనిరి. 2022లో ప్రోసోపిస్ ప్రజాతిని విభజించి, అమెరికా ఖండపు జాతులను పెక్కింటిని నెల్టుమా యను ప్రజాతిలో చేర్చగా, మన జమ్మిచెట్టు ప్రోసోపిస్ సినరేరియాగానే నిలిచినది. సర్కారు తుమ్మ జన్మభూమి మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తరతీరము. ఉత్తర అమెరికా యెడారులలో మెస్కీటు అనబడు చెట్లు దీని దాయాదులు. అరిజోనాలో టూసాన్ నగరము చెంత ఒక గని త్రవ్వినప్పుడు సుమారు 53 మీటర్ల లోతున మెస్కీటు వేరు కానవచ్చినది. పైన వాన లేకున్నను అడుగున జలమున్నంతవరకు ఆ చెట్టుకు చావు లేదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఆ యెడారులలో మెస్కీటు ఒంటరిగా నుండదు. పల్లపు ఉప్పునేల అంచున, భూగర్భజలము కొంత తియ్యగా నున్నచోట మెస్కీటు గుంపులు. అంతకు లోపల, ఉప్పు హెచ్చినచోట అట్రిప్లెక్స్ జాతి ఉప్పుపొదలు. ఇంకను లోపల కండగల కాడలతో నేలనంటియుండు మొక్కలు. నడుమ తెల్లని ఉప్పుపెచ్చు తప్ప మరేమియు నుండదు. ఉప్పుపొద ఆకును వ్రేలితో రుద్దినచో బూడిద వంటి పొడి అంటును. వేరు పీల్చిన ఉప్పును ఆకుమీది సన్నని బుడగలలోనికి నెట్టివేయుటయే దాని జీవనోపాయము. ఆ బుడగలు పగిలి యెండగా మిగిలినదే యీ పొడి.

ఉప్పుపొదలు నేటి వర్గీకరణమున మన తోటకూర కుటుంబములోనివే. ఆ కుటుంబమునకు చెందిన ఉప్పుమొక్క మన తీరమునను కలదు, అదియే ఇలకూర. చినగంజాము ఉప్పుకొఠారుల వంటి తావులలో ఇట్టి కండగల ఆకుమొక్కలే నేలకు రంగునిచ్చును. సామర్లకోటలో చిరకాలము పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో, 1791 మొదలు మూడేండ్లపాటు సర్కారు జిల్లాలను పీడించిన క్షామములో సముద్రతీరపు పేదలు ఇలకూర ఆకునే తిని వేలకొలది ప్రాణములు దక్కించుకొనిరని వ్రాసియున్నాడు. ఉప్పునేలను పనికిరాని నేలగా లెక్కగట్టు రెవెన్యూ దృష్టికి ఈ ఒక్క వాక్యము చాలిన సమాధానమని నా నమ్మకము.

సర్కారు తుమ్మ రాకపూర్వము వినుకొండ సీమ చెట్టులేని యెడారియని తలపరాదు. ఇది దక్షిణదేశపు కంటకవనములకు చెందిన నేల. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, చండ్ర, వెలుతురు, రేగు, బలుసు ఇచ్చటి సొంతసంతానము. నల్లతుమ్మ కర్ర నాగలికిని బండికిని, దాని బెరడు తోలు ఊనుటకును పనికివచ్చెడివి. జమ్మి పొలమునడుమ నున్నను పైరును చెరపదు. దాని రొట్ట పశువులు మేయును. దసరానాడు ఊరివారు జమ్మిని పూజించి, ఆకు పంచుకొని పెద్దలకు మ్రొక్కు ఆచారము నేటికిని నిలిచియున్నది. 2014లో తెలంగాణ రాష్ట్రము దీనిని తన రాష్ట్రవృక్షముగా నెంచుకొన్నది. రాజస్థానమున ఖేజ్డీ యని పిలువబడు ఈ చెట్టును నరుకనీయక 1730లో ఖేజడ్లీ గ్రామమున 363 మంది బిష్ణోయీలు ప్రాణములర్పించిరి.

పరదేశపు కంప తెలుగునేలకు వచ్చిన కాలము కరవుకాలము. 1876లో మొదలైన మహాక్షామమును మనవారు ఆ సంవత్సరనామముతో ధాతకరువందురు. అడవులు తరిగి, రైలింజనులకు సైతము కట్టెయే ఇంధనమైన ఆ దినములలో, మద్రాసు రాజధాని అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోము బీడుభూములలో పెంచుటకు ఈ జాతి యోగ్యమని తలచి విత్తనములు కోరెను. జమైకానుండి వచ్చిన విత్తనములు 1877 ప్రాంతమున కడపజిల్లా కమలాపురమున నాటబడినవి. భారతదేశమున ఈ చెట్టు పాదుకొన్న తొలితావులలో కమలాపురమొకటి. సింధుదేశమునకును అది ఆ కాలముననే చేరెను. తరువాత జోధ్‌పూరు సంస్థానము 1940లో దీనికి రాజవృక్షమని మన్నన యిచ్చెను. 1960 ప్రాంతమున గుజరాతులోని బన్నీ పచ్చికబయళ్లకు పక్కనున్న రణ్ణు ఉప్పుబయలునుండి ఉప్పు ప్రాకకుండుటకై దీనిని నాటగా, ఆ బయళ్లలో పెద్దభాగమును ఇదియే ఆక్రమించినది.

వినుకొండకు దీనిని తెచ్చిన ఘనత మేకలకును గొఱ్ఱెలకును దక్కవలెను. పండిన కాయ పసుపుపచ్చగా చిక్కుడుకాయవలె వంగియుండును. లోని గుజ్జు తియ్యనిది. మేక దానిని ఆత్రముతో నములును, గుజ్జు జీర్ణమగును, గట్టి పెంకుగల గింజ మాత్రము చెక్కుచెదరక పెంటికలో పడును. కడుపులోని ఆమ్లము ఆ పెంకును మెత్తబరచుటచే అట్టి గింజ మామూలు గింజకన్న తొందరగా మొలచును. మంద నడచిన దారియంతయు, నీరు త్రాగిన చెరువుగట్టంతయు చిల్లమొలకలే. మిరపతోట చుట్టును, కళ్లము చుట్టును రైతు వేసిన కంపవెలుగులో కాయలున్నచో అవియు రాలి మొలచును.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరము ఈ చరిత్రలో మరియొక మలుపు. కుడికాలువ క్రింద నీరెక్కినచోట్ల కంప కొట్టి ప్రత్తి, మిరప, వరి వేసిరి. మురుగుపోవు దారి లేనిచోట్ల ఊటనీరు నిలిచి, వేసవిలో ఉప్పు పైకి తేలి నేల తెల్లబారినది. పైరు పండనంతగా చౌడెక్కిన నేలయందు కూడ చిల్లకంప బ్రతుకును. వేరుబుడిపెలలో గాలినుండి నత్రజనిని కూర్చుకొనును గావున ఎరువుకై ఎదురుచూడదు. మిరప చేనుగట్టుననే చిల్లతోపు పెరుగుటలోని రహస్యమిదియే.

నేడు ఈ చెట్టును రాక్షసివలె వర్ణించుట పరిపాటియైనది. పచ్చికను మ్రింగినది, చెరువుల కడుపు పూడ్చినది, కాయలనే మేసిన పశువులకు రోగము తెచ్చినది, ఇవన్నియు నిజములే. అయినను సెంటు భూమిలేని ఇల్లాలికి ఏండ్ల తరబడి పొయ్యిలోని కట్టె ఇదియే. యానాదుల కుటుంబములు పెక్కు ఈ కంప నరికి బొగ్గుబట్టీలు కాల్చి బ్రతికినవి. పొగాకు బారనులకును ఈ కట్టె ఎక్కినది. కాని ఆ బొగ్గుబట్టీల యొద్ద అప్పుకింద వెట్టిచేసినవారి కన్నీటిని ఏ లెక్కలోను చూపకుండుట అన్యాయము. చెరువును ఊరు పట్టించుకొనుట మానినచోటనే చిల్ల చొరబడినదని నేనెరిగినంతవరకు చెప్పగలను. ఏటేటా పూడికతీసిన చెరువులో దానికి తావుండదు.

దీనిని తొలగించుట కష్టసాధ్యము. మొదలంట నరికినచో, తరువాతి వానకు ఆ మోడునుండి పది పదునైదు కొమ్మలు ఒక్కసారిగా లేచి, ఒంటిమాను చెట్టు గుబురుపొదగా మారును. నేలకు జానెడు లోతున, వేరు మొదలగుచోటి బుడిపెతో సహా పెకలించినగాని అది చావదు. గొడ్డలితో రెండుదినములు పట్టు పనిని నేడు పొక్లెయిను గంటలో ముగించుచున్నది. ఉపాధిహామీ పనులలో కూలీలు కంప కొట్టిన చెరువులలో సైతము నేలలోని పాతగింజలు ఏండ్ల తరబడి చావక నిలిచి, తడి తగిలినప్పుడెల్ల మొలచుచుండును గావున, మరు తొలకరినుండి వరుసగా కొన్ని సంవత్సరములు లేతమొలకలను చేతితో పీకవలసియుండును. ఆ వయసున ముల్లు ఇంకను మెత్తనిది, వేరు లోతుగా దిగియుండదు.