బండి పెద్దదైతే భద్రమేనా?

పోయిన వేసవిలో డాలస్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఓ రోజు వాళ్ళ కొత్త ఎస్‌యూవీ ముందు మూడేళ్ళ మావాడు బంతి ఏరుకుంటున్నాడు. డ్రైవరు సీట్లో ఉన్న మరిదికి వాడు కనిపించనే లేదు! నేను అరిస్తే దిగి వచ్చాడు. "పెద్ద బండి పిల్లలకి భద్రమని కొన్నాను వదినా" అన్నాడు, ముఖం పాలిపోయి.

అసలీ పెద్ద బండ్లు ఇళ్ళలోకి ఎలా వచ్చాయా అని, తిరిగొచ్చాక చదివాను.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేస్తే అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. దాంతో 1975లో చట్టం చేశారు. 1985 నాటికి కార్ల సగటు మైలేజీ గాలనుకు 27.5 మైళ్ళు, అంటే లీటరుకు దాదాపు 11.7 కిలోమీటర్లు ఉండాలన్నారు. చిన్న ట్రక్కులు పనివాళ్ళ బండ్లు కదా అని వాటికి మాత్రం తేలికైన లెక్క పెట్టారు.

కంపెనీలకు ఆ సందు చాలు. 1984 మోడళ్ళుగా వచ్చిన క్రిస్లర్ మినీవ్యానూ, జీప్ చెరోకీ ట్రక్కుల లెక్కలోకే వెళ్ళాయి. 1990లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. పిల్లల్ని బడికి దింపే బండి కాస్తా చట్టానికి ట్రక్కయి కూర్చుంది! పొదుపు కోసం పుట్టిన చట్టమే పెద్ద బండికి దారిచ్చింది. 2010 నుంచి 2018 వరకు ప్రపంచంలో పెరిగిన కార్బన్ ఉద్గారాలకు విద్యుత్ రంగం తర్వాత పెద్ద కారణం ఎస్‌యూవీలేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది.

చదువుతుంటే కన్నీళ్ళొచ్చింది మరొకచోట. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక తండ్రి ఎస్‌యూవీని రివర్స్ చేస్తుంటే, వెనకున్న రెండేళ్ళ కొడుకే దాని కింద పడి పోయాడు. 2008లో ఆ బాబు పేరుతోనే చట్టం వచ్చింది. 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది.

మరి ముందువైపు? బానెట్ 40 అంగుళాలకన్నా ఎత్తుంటే, వాలుగా ఉండే పొట్టి బానెట్ బండ్లకన్నా పాదచారుల ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని 2023లో అక్కడి బీమా సంస్థల పరిశోధనలో తేలింది.

ఇప్పుడు మావారూ పెద్ద బండి కొందామంటున్నారు. సరే, షోరూంలో డ్రైవరు సీట్లో నేను కూర్చుంటాను, మీరు బండి ముందు పసిపిల్లాడి ఎత్తున్న స్టూలు పెట్టండి అన్నాను. అది నాకు కనబడితేనే బేరం.